కండక్టరు మెట్లు – డ్రైవరు నడుము

ఒళ్ళు వంచి పనిచేసేవానికి జబ్బులు తక్కువ అని పెద్దలంటారు. ఇది అనుభవం. అనుభవం శాస్త్రం కావాలంటే దానికి లెక్క కావాలి. ఆ లెక్కను నిలదీసే ప్రశ్న కూడ కావాలి. ఈ రెండూ ఎట్లా వుంటాయో తెలుసుకోవటానికి లండను బస్సు ఉద్యోగులపై డాక్టరు జెరీ మోరిస్, ఆయన సహచరులు జరిపిన పరిశోధన మంచి ఉదాహరణ.

ఆ పరిశోధన 1953లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వెలువడింది. ఆనాటి లండను బస్సులలో రెండంతస్తులవి ఎక్కువ. డ్రైవరు పనివేళలో చాల భాగం కూర్చునే వుండేవాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు 500 నుంచి 750 మెట్ల దాకా ఎక్కేవాడు. ఇద్దరూ ఒకే సంస్థలో పనిచేసేవారు. వారి జీవన పరిస్థితులలోను పెద్ద భేదం లేదు. 35 నుంచి 64 ఏండ్ల లోపు వయస్సుగల సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగులను పరిశీలించగా, గుండె రక్తనాళాల జబ్బు ఏటా వేయిమంది డ్రైవర్లలో 2.7 మందికి, వేయిమంది కండక్టర్లలో 1.9 మందికి వచ్చినట్లు తేలింది. జబ్బు బయటపడిన మూడు నెలల లోపు సంభవించిన మరణాల రేటు కండక్టర్లలో సుమారు సగమే. ఉత్తరాలు పంచే పోస్టుమాన్లను, కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాలను పోల్చినప్పుడు కూడ ఇటువంటి ఫలితమే కనిపించింది.

అయితే మెట్లే కండక్టరును కాపాడాయని వెంటనే నిశ్చయించవచ్చునా? వీలులేదు. లావుగా వున్నవారు మొదటినుంచే డ్రైవరు పనిని కోరుకొని వుండవచ్చు. అప్పుడు దోషం కుర్చీది కాదు, కూర్చున్న మనిషిదే అవుతుంది. ఈ ప్రశ్న వేసినవారు పరాయివారు కారు, మోరిస్ బృందమే. 1956లో వారు ఉద్యోగులకిచ్చే యూనిఫారాల కొలతలను పరిశీలించారు. డ్రైవర్ల పంట్లాముల నడుము కొలత కండక్టర్ల కొలత కంటె ఎక్కువ. చిన్న వయస్సువారిలోను ఆ తేడా వున్నది. అంటే కొంత భేదం ఉద్యోగంతోబాటు రాలేదు, ఉద్యోగంలోకి వచ్చిన మనిషితోనే వచ్చింది. ఐనా సన్నని డ్రైవరును సన్నని కండక్టరుతోను, లావైన డ్రైవరును లావైన కండక్టరుతోను పోల్చి చూచినప్పుడు కూడ హఠాన్మరణాలు కండక్టర్లలోనే తక్కువ. తన సిద్ధాంతానికి తానే అడ్డుప్రశ్న వేసుకోవటంలోనే ఈ పరిశోధన గొప్పతనం వున్నది.

2015లో వెలువడిన మరొక పరిశోధనను పత్రికలు ఇంత జాగ్రత్తగా చదవలేదు. ఐరోపాలో 3,34,161 మంది స్త్రీ పురుషులను సుమారు 12 ఏండ్లపాటు గమనించి చేసిన లెక్క అది. దేహశ్రమ లేకపోవటమనేది పూర్తిగా తొలగిపోతే మరణాలు 7.35 శాతం, స్థూలకాయం తొలగిపోతే 3.66 శాతం తగ్గవచ్చునని అందులో అంచనా వేశారు. 'సోమరితనం స్థూలకాయం కంటె రెండింతల ప్రమాదం' అని పత్రికలు ప్రకటించాయి. ఇది సరియైన అర్థం కాదు. ఈ శాతాలు ఒక్కొక్క మనిషికి గల ముప్పును మాత్రమే చెప్పవు. ఆ స్థితిలో ఎంతమంది వున్నారనేదానిపై కూడ ఆధారపడతాయి.

మరొక సంగతి. ఇక్కడ స్థూలకాయాన్ని నిర్ణయించింది బరువును ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే సంఖ్యతో. 80 కిలోల బరువు, 1.6 మీటర్ల ఎత్తు గలవానికి అది 31.25, 30 దాటితే స్థూలకాయమే. కాని తూనికయంత్రానికి కండకు, కొవ్వుకు భేదం తెలియదు. అదే పరిశోధనలో బరువుకు బదులు నడుము చుట్టుకొలతను తీసుకున్నప్పుడు రెండు అంచనాలు ఇంచుమించు సమానమైనాయి. పైగా, ఎంత శ్రమిస్తున్నారో ఆ మనుష్యులే చెప్పారు. లోలోపల జబ్బు వున్నందువల్లనే కొందరు కదలక కూర్చొని వుండవచ్చు కూడాను.

కాబట్టి నడకకు, నడుముకు పోటీ పెట్టటం అనవసరం. రెండూ లెక్కలోనివే. ఆశాజనకమైన విషయమేమంటే, బొత్తిగా కదలని వారికంటె రోజూ సుమారు 20 నిమిషాలు చురుకుగా నడిచేటంత శ్రమ చేసేవారిలో అకాల మరణాల ముప్పు 16 నుంచి 30 శాతం తక్కువ. ఈ మేలు లావైనవారిలోను కనిపించింది. బరువు తగ్గలేదని నడక మానుకోవటం పొరపాటు. సన్నగా వున్నామని కుర్చీ వదలకపోవటమూ పొరపాటే. ఉపాధ్యాయులు ఈ రెండు పరిశోధనలను తరగతిలో పక్కపక్కన వుంచి, 'ఈ రెండు గుంపులకు మరింకేమి తేడా వున్నది?' అని విద్యార్థులచేత అడిగించాలి. సంఖ్యను నమ్మటానికి ముందు వేయవలసిన ప్రశ్న అదే.