కోతి కాలి వాపుకు పేరు పెట్టే ముందు

ఏలూరు దగ్గరి దెందులూరు చుట్టుపక్కల ఓ కోతి కుంటుతూ కనిపిస్తే హైవే మీద దెబ్బ తగిలిందనో, కరెంటు తీగ పట్టుకుందనో అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ వారాలు గడుస్తున్నా వాపు తగ్గకపోగా గట్టిపడి పెరుగుతోందంటే, పశువైద్యులు ఎముక క్యాన్సర్‌ని కూడా అనుమానించాలి. కోతుల్లో అది అరుదు.

గేదె మేత మానేస్తే ఎప్పటినుంచో రైతు చెబుతాడు. కోతి గురించి చెప్పడానికి ఎవరూ ఉండరు. పైగా అది నొప్పిని బయటపడనివ్వదు. అందుకే వైద్యుడు ముందు దూరం నుంచే చూస్తాడు: ఏ చేత్తో తింటోంది, దూకినప్పుడు ఏ కాలు ఆనించడం లేదు. ఆ తర్వాతే కెటమిన్‌ లాంటి మత్తు. గ్లవుజులు, మాస్కు తప్పనిసరి. క్షయ మనిషి నుంచి కోతికీ, కోతి నుంచి మనిషికీ అంటుకోగలదు.

ఎక్స్‌రేలో ఎముక ఒకచోట తినేసినట్టు, పక్కనే అడ్డదిడ్డంగా కొత్త ఎముక పెరిగినట్టు కనిపించవచ్చు. ఎముక పైపొర లేచి అంచున త్రికోణం ఏర్పడితే దాన్ని అమెరికన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్ పేరుతో పిలుస్తారు. అయితే ఎముకకు చీము పట్టినా ఆ త్రికోణం రావచ్చు. విరిగి అతుక్కుంటున్న ఎముక కూడా కణితిలా కనబడుతుంది.

తేల్చేది బయాప్సీయే. ముక్కను వాపు అంచు నుంచి మాత్రమే తీస్తే, చుట్టూ పెరిగిన మామూలు ఎముకే చేతికి రావచ్చు. కణితి మధ్యకు సూది వెళ్ళాలి. ఆ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, తర్వాత కాల్షియం కరిగేదాకా ఆమ్లంలో నానబెట్టి, పలచని పొరలుగా కోస్తారు. మైక్రోస్కోప్ కింద క్యాన్సర్ కణాలే స్వయంగా ఎముక పదార్థాన్ని తయారుచేస్తూ కనిపిస్తే అది ఆస్టియోసార్కోమా. ఊపిరితిత్తులకు పాకిందేమో చూడ్డానికి ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు.

ఇది ఈనాటి జబ్బు కాదు. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన, సుమారు 17 లక్షల ఏళ్ళనాటి మానవ పూర్వీకుల పాదం ఎముకలో ఇదే క్యాన్సర్‌ని 2016లో గుర్తించారు. అంతటి శిలాజాన్ని కోయకుండా, సూక్ష్మ సీటీ స్కాన్‌తోనే తేల్చారు.

ఇక మన కుంటే కోతి సంగతికొస్తే, ఏలూరు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో, గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అయితే కోతి వన్యప్రాణి కాబట్టి ముందు అటవీ సిబ్బందికి చెప్పాలి. ఊరివాళ్ళు దాన్ని పట్టుకోబోకుండా, అది నడిచే తీరుని దూరం నుంచి ఫోన్‌లో వీడియో తీసి, వాపు మొదట కనబడిన తేదీతో సహా అందిస్తే చాలు. చీము అయితే మందులతో నయం చేసే అవకాశం ఉంది. క్యాన్సరై, ఇంకా కాలికే పరిమితమై ఉంటే, ఆ కాలు తీసేసి ప్రాణం నిలబెట్టవచ్చేమో వైద్యులు ఆలోచించగలుగుతారు.