బొమ్మ ఆగకూడదు

కర్నూలు–కడప రోడ్డూ, ప్రొద్దుటూరు–బద్వేలు రోడ్డూ మైదుకూరులో కలుస్తాయి. పెండ్లిళ్ల కాలంలో సాయంత్రమైతే ఆ కూడలి మీదుగా సౌండు బాక్సులు, ఇనుప స్టాండ్లు, ఎల్‌ఈడీ పలకలు ఎక్కించుకున్న బండ్లు పోతుంటాయి. ఒకటి దువ్వూరు వైపు, ఒకటి ఖాజీపేట వైపు, ఇంకొకటి బ్రహ్మంగారి మఠం వైపు. ఆ సామానులో అన్నిటికన్నా చిన్న వస్తువు, చాలాసార్లు అన్నిటికన్నా చవకైనదీ, ఒక పాత ల్యాప్‌టాప్. రాత్రికి పాట పలకాలన్నా గోడంత తెర వెలగాలన్నా అదే దిక్కు.

పాటలు కలపడం ఒక విద్య. పాటతోపాటు బొమ్మనూ కలపడం ఇంకో విద్య. ఒక పాట చివర్లో ఉండగానే రెండో పాట దరువు అందుకోవాలి, అదే సమయానికి తెర మీద మొదటి వీడియో కరిగి రెండోది పైకి రావాలి. లక్షల రూపాయల యంత్రంతో ఈ పని చేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. పాతిక వేల రూపాయల ల్యాప్‌టాప్‌తో, నాలుగైదు గంటలు ఒక్కసారి కూడా బొమ్మ ఆగకుండా చేసేవాళ్లు మా సీమ పల్లెల్లో ఉన్నారు. నాకు ముచ్చటేసేది ఈ రెండో నేర్పు. అందులో ముఖ్యమైన భాగం ఫంక్షన్ హాల్లో కనబడదు. అది ముందురోజే, ఇంట్లో, ఎవరూ చూడనప్పుడు జరిగిపోతుంది.

ల్యాప్‌టాప్ మోసే బరువెంతో ముందు లెక్క చూద్దాం. 1080పీ వీడియోలో ఒక ఫ్రేముకు 20,73,600 చుక్కలు. చుక్కకు నాలుగు బైట్లు వేసుకుంటే ఒక్క ఫ్రేమే ఎనిమిది ఎంబీ దాటుతుంది. సినిమా పాటకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే దాదాపు 200 ఎంబీ. పాట మారే ఆ పది సెకన్లలో రెండు వీడియోలూ ఒకేసారి నడవాలి కనుక 400 ఎంబీ. ఇదంతా ప్రతి సెకనూ విప్పి, రెంటినీ కలిపి, తెరకు పంపాలి. మధ్యలో పాట మాత్రం వెంట్రుకవాసి తడబడకూడదు. 2004లో పయొనీర్ సంస్థ డీవీడీని రికార్డులా చేత్తో తిప్పుకునే డీవీజే-ఎక్స్1 అనే యంత్రాన్ని తెచ్చినప్పుడు అది పెద్ద క్లబ్బుల సొత్తు. వర్చువల్ డీజే, సెరాటో, రెజొల్యూమ్ వంటి సాఫ్ట్‌వేర్లు ఆ పనిని మామూలు కంప్యూటర్ మీదికి తెచ్చాయి. 2011లో ఇంటెల్ తెచ్చిన క్విక్ సింక్‌తో మామూలు ల్యాప్‌టాప్ చిప్పులోనే వీడియో కోసం ప్రత్యేకమైన భాగం వచ్చి చేరింది. చవక ల్యాప్‌టాప్‌కు ఈ పని చేసే దారి అప్పుడు తెరుచుకుంది.

దారి ఉన్నంత మాత్రాన పని కాదు. యంత్రాన్ని ఎంచుకోవడంలోనే పనివాడు తెలుస్తాడు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల, కంపెనీలు వాడి వదిలేసిన ఆఫీసు ల్యాప్‌టాపులను బాగుచేసి అమ్ముతారు. కొత్త షోరూము సరుకు మెరుపు వాటికి ఉండదు. కానీ వెనక మూత విప్పితే ర్యామ్ మార్చుకోవచ్చు, ఫ్యాను శుభ్రం చేసుకోవచ్చు. వాటిలో తెలిసినవాళ్లు వెతికేది ఎనిమిదో తరం ఇంటెల్ ఐ5 చిప్పు ఉన్నది. 2017లో వచ్చిన ఐ5-8250యూలో నాలుగు కోర్లున్నాయి; అంతకు ముందు ఏడాది తరంలో అదే వర్గం చిప్పుకు రెండే. పైగా విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతించే ఇంటెల్ చిప్పులు దాదాపుగా ఆ తరం నుంచే మొదలు.

తర్వాత ర్యామ్. ఎనిమిది జీబీ ఒకే ముక్కగా ఉండటానికీ, నాలుగేసి జీబీల రెండు ముక్కలుగా ఉండటానికీ చాలా తేడా. ఇలాంటి ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కు సొంత జ్ఞాపకం ఉండదు, అది ర్యామ్‌నే పంచుకుంటుంది. డీడీఆర్4-2400 ఒక ముక్కతో సెకనుకు 19.2 జీబీ పారితే, రెండు ముక్కలతో 38.4 జీబీ పారుతుంది. ఇంకో చిన్న ర్యామ్ ముక్క కొని పక్క గాడిలో గుచ్చితే చాలు, బొమ్మలు కలిపే దారి రెండింతలు వెడల్పవుతుంది. ఇక పాత తిరిగే హార్డ్ డిస్కు. రెండు వీడియోలు ఒకేసారి చదవాలంటే దాని ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. దాన్ని తీసేసి ఎస్ఎస్‌డీ వేస్తే ఆ పరుగే ఉండదు. ఇంత చేసినా మొత్తం ఖర్చు ఒక మంచి స్పీకరు ధరను మించదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది తెరను కొలిచే పద్ధతి. చూసేవాళ్లకు ఎల్‌ఈడీ వాల్ మహా పెద్దది, దానికి ఎంత పెద్ద వీడియో పంపితే అంత మంచిదనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే వేరేగా ఉంటుంది. పీ3.91 రకం పలక అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు. అందులో అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలు. అడ్డంగా ఏడు, నిలువుగా ఐదు పలకలు పేరిస్తే మూడున్నర మీటర్ల తెర తయారవుతుంది. దాని మొత్తం చుక్కలు 896 ఇంటూ 640, అంటే 5,73,440. మామూలు 720పీ వీడియోలోనే 9,21,600 చుక్కలున్నాయి. అంటే ఆ గోడ చూపించగలిగిన దానికన్నా 720పీలోనే ఎక్కువ ఉంది. 1080పీ పంపితే చూసేవాడికి అదనంగా ఒక్క చుక్కా కనబడదు. ల్యాప్‌టాప్ మోసే బరువు మాత్రం రెండింతలు దాటుతుంది. ఈ లెక్క తెలిసినవాడు తన వీడియోలన్నిటినీ 720పీకి దించుకుంటాడు. నాణ్యత ఎక్కడా తగ్గలేదు, వృథా ఖర్చు మాత్రమే తగ్గింది. ఎంత కావాలో అంతే ఇవ్వడం తెలియడమే సగం పనితనం.

మిగతా సగం ఆ వీడియోలను తిరగరాయడంలో ఉంది. 2003లో వచ్చిన హెచ్264 పద్ధతి ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు. అక్కడొకటి ఇక్కడొకటి పూర్తి బొమ్మ పెట్టి, మధ్యలో ఏమేం మారాయో మాత్రమే రాసుకుంటుంది. ఎక్స్264 అనే సాధనం మామూలు అమరికలో రెండు పూర్తి బొమ్మల మధ్య 250 ఫ్రేముల దాకా పోనిస్తుంది. సినిమా పాటలో అది పది సెకన్లు. ఇంట్లో కూర్చుని మొదటినుంచి చివరిదాకా చూసేవాడికి దీనితో ఏ ఇబ్బందీ లేదు. డీజే అలా చూడడు. పల్లవి మధ్యలోకి దూకుతాడు, అక్కణ్నుంచి చరణంలోకి, మళ్లీ వెనక్కి. దూకిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ వెనకెక్కడో ఉన్న పూర్తి బొమ్మ దగ్గరికి పోయి, అక్కడినుంచి తేడాలన్నీ విప్పుకుంటూ రావాలి. తెర మీద బొమ్మ ఒక్క క్షణం గడ్డకట్టినట్టు నిలిచిపోయేది అందుకే.

పనివాడు అందుకే ప్రతి 12 ఫ్రేములకూ ఒక పూర్తి బొమ్మ ఉండేలా వీడియోను మళ్లీ తయారుచేసుకుంటాడు. ఈ 12లో అందమైన లెక్క ఉంది. నిమిషానికి 120 దరువుల పాటలో ఒక దరువుకు అర సెకను, అంటే సరిగ్గా 12 ఫ్రేములు. పాట వేగం వేరైనా, ఎక్కడికి దూకినా అర సెకనుకు మించి వెనక్కి పోవాల్సిన అవసరం రాదు. ఫైలు కొంత లావెక్కుతుంది, ఎస్ఎస్‌డీలో చోటుంది కాబట్టి ఫరవాలేదు. ఇంకా తేలిక కావాలంటే 2013లో వచ్చిన హ్యాప్ కోడెక్ ఉంది. అందులో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తిది, విప్పే శ్రమ చాలావరకు గ్రాఫిక్స్ భాగానిది. కానీ నాలుగు నిమిషాల 720పీ పాట రెండు జీబీ దాటొచ్చు. అందుకని దాన్ని పాటలకు వాడరు. వధూవరుల పేర్లు తిరిగే పది సెకన్ల బొమ్మకో, వెనక రాలే పూలకో వాడతారు. ఏ సరుకుకు ఏ సంచి వాడాలో తెలిసిన వ్యాపారి తెలివి ఇది.

ఇక మన ఎండ. వైశాఖంలో బ్రహ్మంగారి మఠంలో ఆరాధన జరిగే రోజులకు, పెండ్లి ముహూర్తాలు వరుసగా పడే రోజులకు, పగలు 43, 44 డిగ్రీలు ఇక్కడ మామూలే. సాయంత్రమైనా గాలి చల్లబడదు, పైగా వేదిక లైట్ల వేడి. ఐ5-8250యూ చిప్పు ఊపు మీద 3.4 గిగాహెర్ట్‌జ్ దాకా పోతుంది. వేడి వంద డిగ్రీలకు దగ్గరపడితే తన్ను తాను కాపాడుకోవడానికి ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. బొమ్మ తడబడేది ఆ క్షణంలోనే. తెలిసినవాడు చేసే పని చూడండి: విండోస్ పవర్ అమరికల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99కి దించుతాడు. ఆ ఒక్క అంకెతో ఊపు పూర్తిగా ఆగిపోయి, చిప్పు తన అసలు వేగం 1.6 దగ్గర కుదురుగా నడుస్తుంది. వేగం సగం పోయింది, నిలకడ మొత్తం వచ్చింది. వీడియోలు ముందే తేలిక చేసి ఉంచాడు కనుక ఆ సగం వేగమే చాలు. ముందురోజు పని ఈరోజు ఇలా ఆదుకుంటుంది.

హాల్లో డీజే కుర్రాడి వెనక నిలబడి ఒక్క పాట మారడం చూస్తే చాలు. వైఫై ఆఫ్. విండోస్ అప్‌డేట్లు ఆపి ఉన్నాయి. చిన్న కంట్రోలర్ మీద ఎడమచేయి, హెడ్‌ఫోన్ ఒక చెవికే. నడుస్తున్న పాట 100 దరువులది, రాబోయేది 104. రెండోదాన్ని దాదాపు నాలుగు శాతం నెమ్మది చేస్తే వీడియో కూడా అంతే నెమ్మదిస్తుంది, నాట్యం చేసేవాళ్ల అడుగు దరువు మీదే పడుతుంది. బొమ్మను మాత్రం వెంటనే మార్చడు. పాత పాటలో హీరో ముఖం దగ్గరగా ఉన్నంతసేపూ ఆగుతాడు. కెమెరా దూరం జరిగి గుంపు కనబడగానే కలపడం మొదలుపెడతాడు, ఎందుకంటే ముఖం మీద ముఖం కరిగితే చూడ్డానికి వికారం. గుంపు మీద గుంపు కరిగితే పండగ. ఇది ఏ సాఫ్ట్‌వేరూ నేర్పలేదు, కన్ను నేర్పింది.

పెండ్లికొడుకు స్నేహితులు కేక వేస్తారు: "అన్నా, ఇంగొకసారి అదే ఏయన్నా!" ఒక్క బటన్ నొక్కుతాడు. పాట పల్లవికి దూకుతుంది, బొమ్మ దాంతోపాటే దూకుతుంది, ఎక్కడా అతుకు కనబడదు. ఆ ఒక్క నొక్కు వెనక ముందురోజు రాత్రి తిరగరాసిన వందల వీడియోలున్నాయి.

కరెంటు పోతుంది. బాక్సులు మూగబోతాయి, గోడ నల్లబడుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది. జనరేటర్ అందుకున్నాక అతను పాటను ఆగిన చోటునుంచి వదలడు. తెర మళ్లీ వెలిగేదాకా చూసి, బొమ్మ సరైన తెర మీదికే వచ్చిందని నిర్ధారించుకుని, పల్లవి మొదటికి తెచ్చి వదులుతాడు. తెగిపోయిన ఉత్సాహాన్ని మధ్యలోంచి అతికించలేమని, మొదలుపెడితే దానంతటదే లేస్తుందని అతనికి తెలుసు.

తెర వెనక నిలబడి రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టే విద్య మా సీమకు కొత్త కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆటలోనూ తెర మీద కనబడే కదలిక కన్నా, తోలును పలచగా చేసి వెలుగు సోకేలా చిల్లులు పొడిచే పనికే ఎక్కువ రోజులు పడతాయి. పాటకూ బొమ్మకూ లంకె తప్పకుండా నడిపించే బాధ్యత అక్కడా ఇక్కడా ఒకటే. ఆ వరుసలో ఈ కుర్రాళ్లనూ నిలబెట్టి చూడాలని నా కోరిక.

అలా చూస్తే మనం చేయాల్సిన పని కూడా తెలుస్తుంది. డీజేను మాట్లాడుకునేటప్పుడు చాలా ఇండ్లలో అడిగేది ఒక్కటే, బాక్సులు ఎన్ని పెడతావని. తెర కొలత ఎంతో, పాటల వరుస ఏమిటో, పిల్లల ఫొటోలు, పేర్లు ఎలా రాయాలో రెండు రోజుల ముందే అతనికి అందించండి. వేదిక ఎక్కే ముందు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి "ఇందులోది ఏయి" అంటే, అతని తయారీ అంతా ఆ ఒక్క ఫైలు దగ్గర ఓడిపోతుంది. డబ్బులిచ్చేటప్పుడు ఆ నాలుగు గంటలకే లెక్క కట్టకండి. సంపాదనకు వాడే సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు కొనాలి, ఎస్ఎస్‌డీ మార్చాలి, వీడియోలు తయారుచేస్తూ మేలుకున్న రాత్రులున్నాయి. బొమ్మ ఆగలేదంటే అదృష్టం కాదు, ముందురోజే ఒకరు కష్టపడ్డారు. కూలి ఆ రోజుకు కూడా ఇవ్వాలి.