అడిగే మనిషి కనిపించాలా?

ఈ వారం ఒక ఆదివారం అనుబంధంలో ఒక పెద్దాయన ఇంటర్వ్యూ చదివి ఒళ్లు మండింది. జవాబులు రెండేసి వాక్యాలు. ప్రశ్నలేమో పేరాలకు పేరాలు, ప్రతిదీ ఒక సన్మానపత్రం. ఇంటర్వ్యూలో అడిగేవాళ్లు కనిపించకూడదన్నది నా పాత పట్టుదల, ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. మళ్లీ అదే రాద్దామని, సాక్ష్యానికి హన్నా క్రాల్ పుస్తకం తీశాను.

క్రాల్ పోలండ్ పాత్రికేయురాలు, రచయిత్రి. యూదుల ఇంటి పిల్ల. నాజీల కాలంలో అయినవాళ్లను చాలామందిని పోగొట్టుకున్నారు. ప్రాణాలకు తెగించి దాచిపెట్టిన పోలిష్ జనం వల్ల ఆమె బతికారు. పెద్దయ్యాక 'పొలిటికా' వారపత్రికలో పనిచేశారు. ఆమె చెప్పిన ఒక కథ నుంచే సినిమా దర్శకుడు కీష్లోవ్‌స్కీ తీసిన 'డెకలాగ్' ఎనిమిదో భాగం పుట్టింది.

ఆమెకు పేరు తెచ్చిన పుస్తకం 1977లో వచ్చింది. ఇంగ్లిష్‌లో 'షీల్డింగ్ ద ఫ్లేమ్'. 1943 ఏప్రిల్‌లో, వార్సాలో యూదులను బంధించి ఉంచిన ఘెట్టోలో నాజీల మీద తిరగబడ్డవాళ్ల నాయకుల్లో ఒకడైన మారెక్ ఎదెల్మన్‌తో ఆమె సంభాషణ అది. యుద్ధం తర్వాత ఆయన ఊజ్‌లో గుండె డాక్టరయ్యాడు. క్రాల్ ఈ రెండు జీవితాలనూ కలిపి అల్లారు. ఒక పేజీలో చావు శిబిరాలకు పోయే రైళ్లు ఎక్కుతున్న జనం, మరో పేజీలో ఆపరేషన్ బల్ల మీద రోగి. మధ్యలో 'ఇక్కడి నుంచి అక్కడికి' అంటూ వివరణ ఏమీ ఉండదు.

తిరుగుబాటు నాయకుడు అనియెలెవిచ్ గురించి ఎదెల్మన్ ఒక సంగతి చెబుతాడు. అతని తల్లి చేపలు అమ్మేది. సరుకు మిగిలిపోతే తాజాగా కనబడాలని మొప్పలకు ఎర్రరంగు పూయించేది, కొడుకు చేత. వీరుణ్ని చిన్నబుచ్చారని చాలామంది నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మొప్పల దగ్గరే అతను మనిషిగా కనబడ్డాడు. తుపాకీ పట్టింది ఆకలి ఉన్న ఇంట్లో పెరిగిన కుర్రాడు. విగ్రహం కాదు.

ఇంతకీ, నేను తెచ్చుకున్న సాక్ష్యం నా వైపు నిలబడలేదు. ఈ పుస్తకంలో క్రాల్ అడుగడుగునా ఉన్నారు. ఆపుతారు, అభ్యంతరం చెబుతారు, ఇలా చెబితే జనం ఏమనుకుంటారని అడుగుతారు. ఆ ప్రశ్నలు చెరిపేస్తే ఎదెల్మన్ జవాబులకు పదునే ఉండదు. ఆయన ఎవరితో వాదిస్తున్నాడో మనకు తెలియాలి. కానీ ఒకటి గమనించండి. అదే విపత్తు ఆమె బాల్యంలోనూ ఉంది. అయినా తన కథను ఆయన కథకు అడ్డం పెట్టలేదు.

అడిగేవాళ్లు కనిపించాల్సిందే. పెద్దవాళ్ల దగ్గర కూర్చునే విలేకరి మిత్రులారా, పొగడ్తలు కొట్టేయండి. అర్థంకాక అడిగిన ప్రశ్నను మాత్రం అచ్చులో ఉంచండి.