రెండో నెల స్లైడు

టీబీ మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు తగ్గుతుంది, సాయంత్రం జ్వరం పోతుంది, ఆకలి పుడుతుంది. నెల్లూరు తీరాన మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వైపు చేపల వేట మీద బతికే మనిషి ఇక ఇంట్లో కూర్చోడు. ఒంట్లో క్రిములు మాత్రం ఇంకా పూర్తిగా చావలేదు. నయమైపోయిందని రోగి అనుకున్న రోజు నుంచి ఆరు నెలలు నిండేదాకా అతన్ని కనిపెట్టుకుని ఉండటమే ఈ వైద్యంలో అసలు పనితనం. మాత్రలు రాసివ్వడం అందులో తేలికైన భాగం.

ఆ పనితనం ముందుగా కనబడేది ల్యాబ్ టెక్నీషియన్ బల్ల దగ్గర. కళ్లె డబ్బాలో ఉమ్మి తెచ్చేవాళ్లు చాలామంది. అందుకే మంచి టెక్నీషియన్ డబ్బా చేతికిచ్చేటప్పుడే నేర్పుతాడు: "గాలి బాగా పీల్చి, కాసేపు ఆపి, లోపల్నుంచి దగ్గన్నా. ఉమ్మి పనికిరాదు." తెచ్చినదాంట్లో చిక్కటి తునక ఏరి, స్లైడు మీద 2 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల పొడవున పూస్తాడు. పూత మందమైతే రంగు సరిగా వదలదు, మరీ పలచనైతే క్రిమి దొరకదు. ఆరిన పూత కింద అచ్చుకాగితం పెడితే అక్షరాలు కనబడాలి, అదీ కొలత. దాన్ని సెగకు చూపించి, కార్బాల్ ఫుక్సిన్ పోసి, ఆవిరి లేచేదాకా వేడి చేస్తాడు, మరగనివ్వడు. సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో కడిగితే మిగతావన్నీ ఎరుపు వదిలేస్తాయి. మైనపు పొర ఉన్న క్షయ క్రిమి వదలదు. మిథిలీన్ బ్లూ వేశాక నీలం మీద సన్నటి ఎర్రపుల్లల్లా తేలేవి అవే.

ఇక లెక్క. మైక్రోస్కోపులో చూసిన 100 ఫీల్డుల్లో 1 నుంచి 9 క్రిములు కనబడితే 'స్కాంటీ' అని వదిలేయకూడదు, ఎన్నో అంకె వేయాలి. 10 నుంచి 99 అయితే ఒక ప్లస్, ఫీల్డుకు 1 నుంచి 10 దాకా ఉంటే రెండు, 10 దాటితే మూడు. మూడు ప్లస్‌లతో వచ్చిన రోగికి రెండో నెల చివర నెగెటివ్ అని రాయాలంటే వంద ఫీల్డులూ తిరగాల్సిందే. ఉన్నవాటిని ఎంచడం కంటే, లేవని తేల్చడానికి వెతకడం కష్టం. ఆ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

ఇప్పుడు ట్రూనాట్ యంత్రం వచ్చింది. రోగాన్ని త్వరగా పట్టేస్తుంది, క్రిమి ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. కానీ చచ్చిన క్రిమి డీఎన్‌ఏను కూడా అది పట్టుకుంటుంది. మందు పనిచేస్తోందా అని చూడటానికి అందుకే మళ్లీ స్లైడు, కల్చరే దిక్కు. 1880ల నాటి రంగుల విద్య ఇంకా అక్కరకొస్తోందంటే నాకు ముచ్చటేస్తుంది. రెండో నెలలోనూ పాజిటివ్ వస్తే మందుకు లొంగని రకమేమోనని పైపరీక్షకు పంపుతారు.

రోగిని ఇంట్లోనే ఉంచి టీబీని నయం చేయొచ్చని ప్రపంచానికి చూపింది మన పక్కనున్న మద్రాసే. అంతకుముందు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానటోరియంలే ఆధారం. 1956లో మద్రాసులో మొదలైన కీమోథెరపీ కేంద్రం శానటోరియం రోగులనూ, ఇరుకిళ్లలో అరకొర తిండితో మందు మింగిన రోగులనూ పోల్చి చూసింది. ఇంట్లో ఉన్నవాళ్లూ ఇంచుమించు అంత బాగానే కోలుకున్నారు; ఇంట్లోని తక్కినవాళ్లకు ముప్పు పెరగలేదు. నెల్లూరులో డేమియన్ ఫౌండేషన్ కేంద్రం కుష్ఠు, టీబీ రెండింటి మీదా పనిచేసింది. రెంటిలోనూ చిక్కు ఒకటే: నెలల తరబడి మందు, నలుగురికీ తెలుస్తుందన్న భయం. ఆ రెండు పనులూ ఒకేచోట సాగడం తెలివైన ఏర్పాటని నా అభిప్రాయం.

ఇంటి దగ్గర రోగిని కనిపెట్టుకునే పని ఆశా కార్యకర్తది. ఖాళీ స్ట్రిప్పులు చూస్తుంది, నెలనెలా తూకం వేయిస్తుంది. 35 నుంచి 49 కిలోల మనిషికి రోజుకు మూడు మాత్రలు, 50 నుంచి 64 అయితే నాలుగు. బరువు పెరిగితే మోతాదూ మారాలి. మందు వల్ల మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెబుతుంది, లేకపోతే రక్తమనుకుని మానేస్తారు. "అన్నా, ఎరుపూ పచ్చా తేడా తెలుస్తుండాదా?" అని అడగడం ఊసుపోక కాదు, టీబీ మందుల్లో ఒకటైన ఇథాంబ్యుటాల్ చూపును దెబ్బతీస్తే ముందు తేడా తెలిసేది రంగుల్లోనే. తూకం వట్టి అంకె కాదని 2023లో వెలువడిన జార్ఖండ్ అధ్యయనం తేల్చింది: మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో మరణాలు 61 శాతం తక్కువ. తిండికి కేంద్ర ప్రభుత్వం నెలకిచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1000 అయ్యాయి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో కూలికి వేరే ఊరు పోయేవాళ్లుంటారు. అప్పుడు ప్రభుత్వ టీబీ నమోదులో రోగికుండే నిక్షయ్ నంబరును అక్కడి కేంద్రానికి మార్చి, ఫోన్ చేసి, మనిషి చేరాడో లేదో కనుక్కోవాలి. కోర్సు అయ్యాక కూడా 6, 12, 18, 24 నెలలకు పిలిచి చూస్తారు. తిరగబెట్టే రోగం ఎక్కువగా ఆ రెండేళ్లలోనే బయటపడుతుంది.