లావు అక్షరంలో తెలుపు

పెళ్లి పత్రికల దగ్గర్నుంచి పుస్తకాల అట్టల దాకా అక్షరాలు పేర్చడమే నా పని. ఇష్టమైన ఫాంటు ఏదని అడిగినవాళ్లకు కూపర్ బ్లాక్ అని చెబితే చాలామందికి వెంటనే గుర్తు రాదు. చూపించగానే మాత్రం ‘ఇదా, తెలుసు’ అంటారు. ఎమ్మెస్ ఆఫీసుతో పాటే కంప్యూటర్లలోకి వచ్చింది కనుక మన డీటీపీ సెంటర్లకు అడక్కుండానే చేరిపోయింది. బేకరీ బోర్డు, ప్లేస్కూలు గోడ, టీషర్టు, ఎక్కడ చూసినా అదే: నల్లగా, బొద్దుగా, పొంగిన పూరీలాగా ఎక్కడా కోణం లేకుండా.

దీన్ని గీసినాయన ఆస్వాల్డ్ బ్రూస్ కూపర్. 1879లో ఒహాయోలో పుట్టి, కాన్సస్‌లో పెరిగి, షికాగో చేరి ఫ్రెడరిక్ గౌడీ దగ్గర అక్షరాలు గీయడం నేర్చుకున్నాడు. 1904లో ఫ్రెడ్ బెర్ట్ష్‌తో కలిసి సొంత సంస్థ పెట్టి ప్రకటనలకు చేత్తో అక్షరాలు రాసిచ్చేవాడు. ఆ చేతిరాతను అదే ఊళ్లోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ ఫౌండ్రీ సీసంలో పోతపోసింది. అలా 1922లో కూపర్ బ్లాక్ వచ్చింది. ఇది దూరదృష్టి ఉన్న ముద్రాపకుల కోసం, దూరపు చూపు ఆనని వాళ్ల ఖాతాదారుల కోసం అని కూపరే చెప్పుకున్నాడు. పాతకాలపు ముద్రాపకులకు కొందరికి ఇది కంటగింపైంది. అయినా గిరాకీ ఆగలేదు. చివరికి పోటీగా మోనోటైప్ కంపెనీ కోసం గురువు గౌడీయే ‘గౌడీ హెవీఫేస్’ గీయాల్సి వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు శిష్యుడి అక్షరమే నచ్చుతుంది.

ఎందుకో చెప్పాలంటే ఒక్క అక్షరాన్ని పేజీ నిండా పెంచి చూడాలి. ఇంగ్లిష్ చిన్నబడి ‘ఓ’ తీసుకోండి. బయటి రూపం నిండుగా, గుండ్రంగా ఉంటుంది. లోపలి తెలుపు మాత్రం నిలువుగా లేదు, వెనక్కి వాలి ఉంది. వెడల్పు కలం పట్టి రాసేవాడి చేతి వాటం అది. అంత బరువైన అక్షరానికి ఆ కాస్త వాలే ప్రాణం పోసింది. లోపలి తెలుపును నిటారుగా నిలబెడితే ఆ ‘ఓ’ బండబారిపోతుంది. ‘ఐ’ మీది చుక్క కూడా పూర్తి గుండ్రం కాదు, కోలగా ఉంటుంది.

ఇంకో కిటుకు అడుగున ఉంది. గీతల చివర వచ్చే సెరిఫ్ మామూలుగా చదునుగా, పదునుగా ఉంటుంది. అడుగు గుండ్రంగా ఉండే అక్షరాలను కంటికి సమంగా ఆనేలా అడుగు గీత కిందికి వెంట్రుకవాసి దించడం పాత పద్ధతి. కూపర్ బ్లాక్‌లో సెరిఫ్‌ల అడుగులు కూడా గుండ్రమే కాబట్టి అక్షరాలన్నీ ఒకే మెత్తదనంతో నేలకు ఆనుతాయి. ఒకటి కొంచెం పైకి జరిగినా కన్ను పట్టుకోదు. బోర్డులు రాసేవాళ్లకు, బట్టల మీద అక్షరాలు ఇస్త్రీ పెట్టి అంటించేవాళ్లకు ఇది ఎంత ఆదరువో వేరే చెప్పాలా?

సీసపు దిమ్మల కాలంలో రెండు అక్షరాలను ఒకదానికొకటి తాకేలా పెట్టడం అంత తేలిక కాదు, దిమ్మ అంచు అడ్డొస్తుంది. 1960లలో ఫొటో టైప్‌సెట్టింగ్, రుద్ది అంటించే లెట్రాసెట్ అక్షరాలు వ్యాపించాక ఆ అడ్డు తొలగింది. 1966 నాటి బీచ్ బాయ్స్ బ్యాండ్ ‘పెట్ సౌండ్స్’ ఆల్బమ్ అట్ట చూడండి, అక్షరాలు భుజాలు రాసుకుంటూ నిలబడ్డాయి. నా ఉద్దేశంలో కూపర్ బ్లాక్‌కు నిజమైన వయసు అప్పుడే వచ్చింది. 1995లో మొదలైన ఈజీజెట్ విమానాల మీద నారింజ రంగుతో కలిసి ఇవే అక్షరాలు ఎగిరాయి. చవక టికెట్ల కంపెనీకి దర్పం అక్కర్లేదు, చనువు కావాలి. అది ఈ అక్షరానికి పుట్టుకతో వచ్చింది.

అదే చనువు కొన్నిచోట్ల నప్పదు. సంతాప ప్రకటనకు పెట్టను, కోర్టు నోటీసుకు పెట్టను. వాక్యాలకు అసలే పెట్టను. న్యూస్‌ప్రింట్ మీద పన్నెండు పాయింట్లకు దించితే చిన్నబడి ‘ఈ’ అక్షరంలోని సన్నటి సందులోకి సిరా పాకి కన్ను మూసుకుపోతుంది. రెండు మూడు మాటలు, వీలైనంత పెద్ద సైజు, ఎడం తక్కువ. అంతకు మించి దాన్ని కష్టపెట్టకూడదు.

నా పేజీల్లో ఇంగ్లిష్ పక్కన తెలుగు కూడా రావాలి కాబట్టి అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. మన అక్షరం సహజంగానే గుండ్రం, లావు బాగా నప్పుతుందనుకుంటాం. కానీ ‘ద’కూ ‘ధ’కూ తేడా అడుగున ఉన్న చిన్న గీత. ‘ప’ పొట్టలో గీత చేరితే ‘ష’. గీతలన్నిటినీ ఒకే లెక్కన లావు చేస్తే ఈ తేడాలే ముందు పూడుకుపోతాయి. ఇక ‘స్త్రీ’ లాంటి మాటలో కింద వేలాడే రెండు ఒత్తులకు చోటెక్కడ? ఒళ్లు లావు చేసి, లోపలి మెలికలను సన్నం చేసి, తెలుపును చోటు చూసి వదలాలి. మంచి టైప్ డిజైనర్లు చేసేది ఆ పనే. ముంబైలోని ఏక్ టైప్ వాళ్ల ‘బాలూ తమ్ముడు’ ఫాంటులో ఆ శ్రద్ధ కనిపిస్తుంది. కూపర్ బ్లాక్ పక్కన నేను ఎక్కువగా వాడేది దాన్నే. సెరిఫ్‌లు లేకపోయినా రెండింటి బరువూ కుదురుతుంది. ఉన్న ఫాంటుకు కంప్యూటర్లో చుట్టూ అంచు కట్టి లావు చేసి హెడ్డింగులు పెట్టే అలవాటు మాత్రం మన డీటీపీ సెంటర్లలో ఇంకా పోలేదు. అలా చేసినప్పుడు ‘ధనం’ కాస్తా ‘దనం’ అవుతుంది.