గంజి పెట్టిన పూలు

క్రోషా సూదితో ఆరు చైన్ కుట్లు వేసి చివరలు కలిపితే చిన్న గుండ్రం వస్తుంది. ఆ గుండ్రంలోకే సూది దించి ఒక పొట్టి కుట్టు, మూడు పొడుగు కుట్లు, మళ్ళీ ఒక పొట్టి కుట్టు వేస్తే ఒక రేక. అయిదు రేకలైతే పువ్వు. చెయ్యి తిరిగినవాళ్ళకు పది నిమిషాల పని. నూలు దారంతో అల్లితే మాత్రం ఆ రేకలు కాసేపటికే వాలిపోతాయి. అందుకే గంజి.

అన్నం వార్చే ఇళ్ళు తగ్గాయి నిజమే. అయినా మొలగొలుకులు పండిన గడ్డ మీద గంజికి కరువేమిటి? కుక్కర్ ఇళ్ళవాళ్ళు గుప్పెడు బియ్యప్పిండి నీళ్ళలో ఉడికించుకుంటే సరిపోతుంది. పలచటి గంజిలో పూలు ముంచి, పిండి, ఒక్కో రేకనూ వేళ్ళతో విప్పి స్టీలు పళ్ళెంలో ఎండబెట్టాలి. మా కోవూరు మండలంలోనే పాటూరు నేతవాళ్ళు పడుగుకు గంజి పట్టించేదీ పోగుకు బిగువు కోసమే కదా. వాళ్ళను చూసినవాళ్ళకు ఈ మర్మం వేరే చెప్పక్కర్లేదు.

కోవూరులో ఈ పని వినాయక చవితికి మొదలుపెట్టి దీపావళిలోపు ముగించుకోవాలి. నవంబరు వానలు పట్టుకుంటే గంజి ఆరదు, పూలకు బూజు పడుతుంది. ఇంకో మాట. వీటిని గుచ్చే చక్రానికి ఇనప తీగ వాడకండి. మైపాడు తీరం వైపు నుంచి కొట్టే ఉప్పుగాలికి తీగ తుప్పు పట్టి తెల్లటి పూలకు మరకలు చేస్తుంది. వెదురుబద్ద వంచి కట్టుకోండి. పచ్చి సరుగుడు కొమ్మలు మెలిపెట్టి కట్టినా బాగుంటుంది.

చక్రమంటే క్రిస్మస్‌కు గుమ్మానికి వేలాడదీసే పూలచక్రం. పెన్న అవతల నెల్లూరులో శామ్యూల్ డే అమెరికన్ బాప్టిస్టు మిషన్ ప్రారంభించింది 1840లో. హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే పాస్టరు తన దగ్గరున్న పేదపిల్లల కోసం బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలిపి ఆగమనకాల చక్రం చేసింది 1839లో. ఆ మిషన్‌కూ ఈ చక్రానికీ ఏడాది తేడా అంతే. ఇప్పుడీ చక్రాలు క్రిస్మస్ దాటి సంక్రాంతి గుమ్మాల మీదికీ వచ్చేశాయి, బంతిపూల రంగు పులుముకుని. నాకు సంతోషమే. పొద్దున కట్టిన పూలదండ మధ్యాహ్నానికే వాడిపోయే ఊరు మనది.

సంతోషం లేనిది ధర దగ్గర. "ఏందక్కా, దారమే గదా! ఇంట్లో ఊరికే కూచోని అల్లిందానికి ఇంత రేటా?" ఈ మాట నేను వినని పండగ లేదు. అడుగు వెడల్పు చక్రం నిండాలంటే నలభై పూలైనా కావాలి. పువ్వుకు పది నిమిషాల లెక్కన ఆరున్నర గంటలు దాటింది. ఆకులు, గంజి, గుచ్చడం ఇంకా మొదలవనే లేదు. అంటే ఒక నిండు రోజు కూలి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. మట్టిపనికి కట్టిన ఆ లెక్క సూదిపని దగ్గరికొచ్చేసరికి మనకు గుర్తురాదు.

ఇది కోవూరులో పుట్టిన జబ్బు కాదు. నరసాపురం లేసు కథంతా ఇదే. మిషనరీలు నేర్పిన అల్లిక అక్కడ ఊళ్ళకు ఊళ్ళనే పట్టుకుంది. ఏజెంటు దారం తెచ్చిస్తాడు, ఒకామె పూలు అల్లుతుంది, ఇంకొకామె వాటిని అతుకుతుంది. సరుకు ఓడెక్కి విదేశాలకు పోతుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర అక్కడికి వెళ్ళి వాళ్ళతో మాట్లాడి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్ళను అందరూ గృహిణులనే అంటున్నారని, చేసేది తీరిక వేళ కాలక్షేపమని లెక్కగట్టడం వల్లే కూలి అంత అడుగున ఉందని ఆమె తేల్చింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఊరి పేరుకు రక్షణ దొరికింది. పువ్వుకు ఇంత అని అల్లినామె చేతిలో పడే పైసల సంగతి ఆ ముద్ర చూసుకోదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. స్వెట్టర్ అల్లికకు యంత్రాలున్నాయి. అసలైన క్రోషాను అల్లే యంత్రం మాత్రం మిల్లుల్లో లేదు. ఆ పేరుతో దొరికే మిల్లు గుడ్డ వేరే రకం అల్లిక. దుకాణంలో ఎంత చవగ్గా కనబడినా సరే, ఆ క్రోషా పువ్వు వెనక ఎవరో ఒక మనిషి పది నిమిషాలు ఉన్నాయి.

ఆ పది నిమిషాలను ఊరికే ఇచ్చేసేవాళ్ళూ ఉంటారు. 2013లో మెల్‌బోర్న్‌లో ఇద్దరు స్త్రీలు యుద్ధంలో పనిచేసిన తమ తండ్రుల జ్ఞాపకంగా ఎర్ర గసగసాల పూలు అల్లడం మొదలుపెట్టారు. 2015 ప్రదర్శనకు అనుకున్నది 5,000. ఎక్కడెక్కడివాళ్ళో అల్లి పంపగా 2015 ఏప్రిల్ నాటికి అక్కడి ఫెడరేషన్ స్క్వేర్‌లో రెండున్నర లక్షలకు పైగా పూలు పరిచారు. ఎవరూ ధర అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ప్రేమతో ఇచ్చేదానికి ధర ఉండదు, ఒప్పుకుంటాను. ఆ వంక పెట్టుకుని అమ్మకానికి అల్లినదానికి కూలి ఎగ్గొట్టకూడదు.

ఈ డిసెంబరులో పూలచక్రం కొనబోయేవాళ్ళు ముందు దానిలో ఎన్ని పూలున్నాయో లెక్కపెట్టండి. పదితో హెచ్చవేసి గంటలు తేల్చండి, దారం ఖరీదు కలపండి. బేరం ఆ తర్వాత మొదలుపెట్టండి.