ఆగమన కాలము, సెమీ క్రిస్మస్: ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయము

నవంబరు ముగియకముందే మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో గుమ్మాల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. డిసెంబరు మొదటి వారం నుండి సెమీ క్రిస్మస్ ఆహ్వానాలు మొదలవుతాయి. యౌవనస్థులది ఒకటి, స్త్రీల మైత్రి వారిది ఒకటి, సండేస్కూలుది ఒకటి, ఆఫీసు వారిది మరొకటి. ప్రతి చోట కేకు కోస్తారు, లూకా సువార్త 2వ అధ్యాయము చదువుతారు, బిర్యానీ వడ్డిస్తారు. అసలు పండుగ దినము వచ్చేసరికి కాపరికి గొంతు ఉండదు, సంఘానికి ఆసక్తి ఉండదు.

అవే వారాల్లో ఆదివారపు ఆరాధన వేరొక మాట చెప్పుచున్నది. బల్ల మీద ఊదారంగు వస్త్రము, పఠనములలో యెషయా, బాప్తిస్మమిచ్చు యోహాను, ప్రభువు రెండవ రాకడ. ఆదివారం ఉదయం కనిపెట్టమని బోధించి, సాయంత్రం వచ్చేశాడని పాడుచున్నాము. ఈ వైరుధ్యమును పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

చారిత్రక నేపథ్యము

డిసెంబరు 25న క్రీస్తు జననమును స్మరించుట రోమాలో క్రీ.శ. 336 నాటికే ఉన్నట్లు ఆధారమున్నది. దానికి ముందు సిద్ధపాటు కాలము క్రమముగా రూపుదిద్దుకున్నది. 5వ శతాబ్దములో గాలియ దేశమందలి టూర్ బిషప్పు పెర్పెత్యువు నవంబరు 11 నుండి క్రిస్మస్ వరకు వారానికి మూడు దినాలు ఉపవాసము నియమించాడు. మహా గ్రెగరీ ఆగమన ప్రసంగానికి తీసుకొన్న వాక్యభాగము పశువుల తొట్టి కాదు, లూకా 21లోని అంత్యకాల సూచనలు. కాబట్టి ఈ కాలము మొదటి నుండి ఉపవాసము, పశ్చాత్తాపము, నిరీక్షణ కలిసినది.

ఆగమన కొవ్వొత్తుల వలయము సంగతి మరింత గమనింపదగినది. 1833లో హాంబుర్గు నగరము వద్ద యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ అను లూథరన్ దైవసేవకుడు నిరుపేద బిడ్డల కొరకు ఒక గృహము స్థాపించాడు. పండుగ ఎప్పుడని పిల్లలు అడుగుచుండగా, 1839లో ఆయన ఒక చక్రము మీద కొవ్వొత్తులు నిలిపి, దినమునకొకటి వెలిగించాడని చెబుతారు. అంటే ఆ వలయము అలంకారముగా పుట్టలేదు. ఏమీ లేని బిడ్డలకు ఎదురుచూచుట నేర్పుటకు పుట్టినది.

ఎనుబది వచనములు

సెమీ క్రిస్మస్ లూకా 2తో మొదలవుతుంది. అయితే దానికి ముందున్న 1వ అధ్యాయములో 80 వచనములున్నవి. అందులో ముసలితనము వరకు బిడ్డలేని దంపతులు, మాట పడిపోయిన యాజకుడు, తొందరపడిన కన్యక, అధికారుల పతనమును గూర్చి పాడిన ఆమె పాట ఉన్నవి. ఆగమన కాలము అనగా ఈ 80 వచనముల కాలము. మనము దానిని దాటివేసి ఫలమును మాత్రమే కోయుచున్నాము.

దాటివేసినందున కలిగే నష్టమును నేను స్వయముగా చూచితిని. కొన్నేండ్ల క్రితం క్యారల్స్‌కు తిరుగుచుండగా మా యౌవనస్థులు ఒక గుమ్మం దాటి ముందుకు పోయారు. “ఆ ఇంట్లో ఈ ఏడు పండుగ లేదు అయ్యగారూ” అన్నారు. ఆ యేడే ఆ ఇంటి కుమారుడు మరణించాడు. నేనూ ఆగలేదు. ఆ ఆదివారం ఆ తల్లి, “పాట పాడకపోయినా ప్రార్థన చేసి వెళ్ళవలసింది గదా అయ్యగారూ” అన్నది. జవాబు చెప్పలేకపోతిని. ఆమె 1వ అధ్యాయములో ఉన్నది, మేము 2వ అధ్యాయము పాడుచు ఆమెను దాటిపోయాము. దుఃఖములో ఉన్న ఇంటికి పండుగ లేకపోవచ్చును గాని, ఆగమన కాలము లేకపోలేదు. అది వారిదే.

రెండు ఆక్షేపణలు

ఆగమన కాలము పాశ్చాత్యుల ఆచారమని కొందరు అంటారు. అయితే కేకు, చెట్టు, ఎర్రకోటు తాత ఎక్కడివి? పరదేశపు అలంకారమును ఉంచుకొని, పరదేశపు ఉపవాసమును మాత్రమే త్రోసివేయుట సరియైన సందర్భీకరణము కాదు.

సెమీ క్రిస్మస్‌కు అన్యమత సహోదరులు వస్తారు, సువార్తకు అదే తలుపు అని మరికొందరు అంటారు. ఈ మాటలో బలమున్నది. ఇరవై ఐదున సొంత ఊళ్ళకు వెళ్ళే ఉద్యోగులకు కూడ అది అక్కరయే. కాబట్టి సెమీ క్రిస్మస్‌ను నిషేధించవలెనని నా వాదన కాదు. పొరుగువానికి మనము చూపేది విందు మాత్రమేనా, నిరీక్షణ కూడానా అన్నదే ప్రశ్న.

ఆచరణకు సూచనలు

మొదటిది, మూడవ ఆగమన ఆదివారము వరకు జరిగే కూడికలలో లూకా 1 చదువుదము. రెండవది, సంఘమునకు ఒకే సెమీ క్రిస్మస్ చాలును. అది నాలుగవ వారములో జరుగవలెను. మూడవది, క్యారల్ బృందము మొదట దుఃఖగృహములకు, వాద్యములు లేకుండ వెళ్ళవలెను. నాలుగవది, క్రిస్మస్ ఒక్క దినముతో ముగియదు. జనవరి 6న ప్రత్యక్షతా పండుగ వరకు ఆనందమునకు తావున్నది. పొరుగువారిని ఆ దినములలో పిలువవచ్చును.

ముగింపు

మన మెదక్ అధ్యక్ష మండలమునకు ఎదురుచూపు క్రొత్త కాదు. మెదక్ మహాదేవాలయ నిర్మాణము కరవు పీడితులైన కూలీలకు జీవనాధారమై, పదేండ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. ఆనాటి క్రిస్మస్ ఆనందములో పదేండ్ల ఆకలి, చెమట, ఓర్పు ఉన్నవి. సగము క్రిస్మస్‌లు ఎన్ని జరిపినను ఆ నిండు క్రిస్మస్‌కు సాటి రావు. ఈ డిసెంబరులో నక్షత్రము లేని గుమ్మము ఎదుట ఒక్క నిమిషము ఆగుదము. సిద్ధపాటు అక్కడ మొదలవుతుంది.